ఏసీ విడిభాగాలు: టన్ను కలిస్తే సరిపోతుందా?

చెన్నైలో కర్తరి ఎండలు మొదలయ్యాక ఏసీ ఆగిపోయిన ఇంట్లో ఒక్క రాత్రి గడపడమూ కష్టమే. అందుకే చాలామంది దుకాణానికి వెళ్లి ‘ఒకటిన్నర టన్ను ఏసీకి కెపాసిటర్ (కంప్రెసర్ మోటారు తిరగడానికి తోడ్పడే భాగం) ఇవ్వండి’ అని అడిగి, చేతికిచ్చినది తెచ్చి బిగింపజేసుకుంటారు. ఈ ఊళ్లో ఏళ్ల తరబడి ఏసీలు మరమ్మతు చేస్తున్న నాకు, అసలు లోపం కన్నా ఈ తొందర వల్ల కలిగే నష్టమే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

అపోహ: టన్ను ఒకటే అయితే ఏ కెపాసిటరైనా సరిపోతుంది.

వాస్తవం: టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడిని తీసివేసే సామర్థ్యం మాత్రమే, కంప్రెసర్ వైండింగుకు, అంటే మోటారులోని తీగచుట్టకు, ఎన్ని మైక్రోఫారడ్ల (కెపాసిటర్ విలువను కొలిచే ప్రమాణం) కెపాసిటర్ కావాలో అది చెప్పదు. తక్కువ విలువది పెడితే కంప్రెసర్ మూలుగుతూ తిరగలేక ఓవర్‌లోడ్ వల్ల ఆగిపోతుంది. ఎక్కువ విలువది పెడితే స్టార్టింగ్ వైండింగులో కరెంటు పెరిగి, అది వేడెక్కి చివరకు కాలిపోవచ్చు. ఈ రెండోదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది, ఎందుకంటే బిగించిన రోజున ఏసీ చక్కగానే నడుస్తుంది. వోల్టేజి సంగతి వేరు: 370 వోల్టులది ఉన్నచోట 440 వోల్టులది పెట్టవచ్చు గాని, 440 ఉన్నచోట 370 పెట్టకూడదు. మెయిన్ ఆపిన తర్వాత కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక దయచేసి స్వయంగా తాకవద్దు.

తిరువాన్మియూరులో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇంట్లో, ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ నేమ్‌ప్లేట్ మీది అక్షరాలు చెరిగిపోగా, నాకన్నా ముందు వచ్చినవారు 36 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉండవలసిన చోట ఊహతో 50ది బిగించి వెళ్లారు. మోడల్ నంబరు ఇండోర్ యూనిట్ పక్కన ఉన్న లేబుల్ మీద స్పష్టంగానే ఉంది.

అపోహ: గ్యాస్ ఏదైనా గ్యాసే, చల్లబడితే చాలు.

వాస్తవం: ఆర్22 అనే పాత రకం గ్యాస్ కోసం తయారైన యంత్రంలో ఆర్32 అనే కొత్త రకం నింపితే పీడనం దాదాపు 1.6 రెట్లవుతుంది. పైగా ఆ కంప్రెసర్‌లోని మినరల్ ఆయిల్ కొత్త గ్యాస్‌తో కలవదు కనుక, గ్యాస్‌తో బయటకు వెళ్లిన నూనె సరిగా తిరిగి రాక కంప్రెసర్ అరిగిపోతుంది. ఆర్410ఏ అనే మరో గ్యాస్‌లో సగం ఆర్32 ఉన్నంత మాత్రాన ఆ రెండూ ఒకటి కావు. విడిగా ఆర్32కు స్వల్పంగా మండే గుణం ఉంది, ఆర్410ఏ యంత్రాలు దాని కోసం రూపొందించినవి కావు. ప్లేట్ మీద గ్యాస్ పేరుతోపాటు ఎంత బరువు నింపాలో కూడా ఉంటుంది. కాబట్టి తూకం వేసి నింపమని అడగడం మీ హక్కు.

అపోహ: సెన్సార్లన్నీ ఒకటే, ప్లగ్గు పడితే చాలు.

వాస్తవం: వేడి పెరిగేకొద్దీ ఈ సెన్సార్ల విద్యుత్ నిరోధం (ఓములలో కొలుస్తారు) తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద 10 కిలో ఓములు చూపవలసిన చోట 5 కిలో ఓముల సెన్సార్ పెడితే, ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఆ గదిని దాదాపు 40 డిగ్రీల వేడిగా భావించి కంప్రెసర్‌ను ఆపదు. కాయిల్ (ఇండోర్ యూనిట్‌లో చల్లబడే గొట్టాల చుట్ట) సెన్సార్ విషయంలో అదే పొరపాటు జరిగితే, మంచు కట్టకుండా కాపాడే ఏర్పాటు సమయానికి పనిచేయదు.

అపోహ: అదే కంపెనీ పీసీబీ (ఎలక్ట్రానిక్ బోర్డు) అయితే సరిపోతుంది.

వాస్తవం: ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే బోర్డు మారవచ్చు. ముఖ్యంగా ఇన్వర్టర్ ఏసీలో బోర్డు ఆ కంప్రెసర్‌ను నడిపే తీరుకు తగినట్టు ఉంటుంది. అందువల్ల దుకాణానికి వెళ్లే ముందు పాత బోర్డు మీది పార్ట్ నంబరును, ఇండోర్, అవుట్‌డోర్ ప్లేట్లను ఫొటో తీసుకొని, కొత్తదాని నంబరును అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించండి.