పాత ప్రోగ్రామ్‌కిచ్చిన మాట: విండోస్, మ్యాక్, లినక్స్ మూడు దారులు పట్టిన వైనం

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన విండోస్ వినియోగదారులకు ఒక చిన్న అప్‌డేట్ ఫైల్ పంపింది. తప్పు గమనించి వెనక్కి తీసుకునే సరికి 78 నిమిషాలు గడిచాయి. ఆలోపే దాదాపు 85 లక్షల మిషన్లు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. కారణం చూస్తే చాలా చిన్నది. ఆ ఫైల్ 21వ విలువను కూడా చూడమంది, ప్రోగ్రామ్ అందించినవి 20 విలువలే. లేని 21వ దాని కోసం తనది కాని మెమరీలోకి వెళ్లి చదవబోయి కూలింది.

మామూలు ప్రోగ్రామ్‌లో ఇదే తప్పు జరిగితే ఆ ఒక్క విండో మూసుకుపోయేది. ఈ కోడ్ నడిచింది కెర్నల్‌లో, అంటే మిషన్ మొత్తాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో. అక్కడ ఒక డ్రైవర్ (పరికరాలను నడపడానికో, ఇలా కాపలా కాయడానికో కెర్నల్‌లో చేరే కోడ్) మెమరీలో తప్పుడు చిరునామా ముట్టుకుంటే, ఇంకేం పాడైందో తెలియదు కాబట్టి డిస్కులో సమాచారం చెడకముందే విండోస్ మొత్తం మిషన్‌నే ఆపేస్తుంది. పైగా అది బూట్ సమయంలోనే లోడయ్యే డ్రైవర్. అందుకే రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ అదే క్రాష్. చాలా మిషన్లను ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి, సిస్టమ్32లోని డ్రైవర్ల ఫోల్డర్‌లో 291 నంబరున్న ఫైల్‌ను చెరిపేయాల్సి వచ్చింది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు భద్రపరిచిన సర్వర్ కూడా పడిపోయి ఉంటే పని ఇంకా చిక్కు.

ఆ రోజు మ్యాక్‌లకు, లినక్స్ మిషన్లకు ఏమీ కాలేదు. దాంతో విండోస్ బలహీనం, మిగతావి గట్టివి అని చాలామంది తేల్చేశారు. అంత తేలికగా తేలే విషయం కాదిది. నిలకడ, భద్రత, పాత సాఫ్ట్‌వేర్‌తో పొసగడం అనే మూడింటికీ విడివిడిగా మార్కులు వేసి కూడితే అసలు సంగతి దొరకదు. పాత ప్రోగ్రామ్‌లు రాసినవాళ్లకు ఏ సిస్టమ్ ఏం మాటిచ్చిందో చూడాలి. మిగతా రెండింటి రూపం చాలావరకు అక్కడే ఖాయమైంది.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్‌కు, దాని 8088 ప్రాసెసర్‌కు మెమరీ రక్షణ అన్నదే లేదు. ఏ ప్రోగ్రామైనా ఏ చిరునామాలోనైనా రాయొచ్చు. ఒకే మనిషి, ఒక సమయంలో ఒకే ప్రోగ్రామ్, నెట్‌వర్క్ లేదు. అప్పటికి అది చాలింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ మాత్రం ఒకే మిషన్‌ను పలువురు పంచుకునే చోట పెరిగింది. ఎవరి ఫైళ్లు వారివి, సిస్టమ్‌ను మార్చే అధికారం రూట్ అనే ఒక్క ఖాతాదే అన్న విభజన అవసరంగానే వచ్చింది. తర్వాతి మ్యాక్, లినక్స్ రెండూ ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నవే.

1985లో 80386 ప్రాసెసర్ వచ్చాక మెమరీ రక్షణ పీసీకీ అందింది. అప్పటికే డాస్ ప్రోగ్రామ్‌లు కుప్పలుగా ఉన్నాయి. వాటిని వదులుకుంటే కొత్త విండోస్‌ను కొనేవారుండరు. అందుకని విండోస్ 95 సగం రక్షణతో వచ్చింది. 32 బిట్ ప్రోగ్రామ్‌లకు విడి మెమరీ ఇచ్చింది గానీ, పాత 16 బిట్ ప్రోగ్రామ్‌లన్నీ ఒకే చోట కలిసి నడిచేవి. వాటిలో ఒకటి బిగుసుకుంటే మిగతా విండోలూ కదిలేవి కావు. పొసగడం కోసం మైక్రోసాఫ్ట్ ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి సిమ్‌సిటీ ఆట మంచి ఉదాహరణ. వదిలేసిన మెమరీని మళ్లీ చదివే తప్పు ఆ ఆటలో ఉంది. అంతకుముందు అది బయటపడలేదు. విండోస్ 95లో క్రాష్ అవుతుంటే, ఆట నడుస్తోందని గుర్తుపట్టి మెమరీని వెంటనే వెనక్కి తీసుకోకుండా ఆపే ఏర్పాటును ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే పెట్టారు. వేరొకరి తప్పును తన నెత్తిన వేసుకునే ఈ అలవాటే విండోస్‌కు మార్కెట్ తెచ్చింది, దాని బరువూ పెంచింది.

దీనికి సమాంతరంగా మరో దారి నడిచింది. 1988లో మైక్రోసాఫ్ట్‌లో చేరిన డేవ్ కట్లర్ బృందం కొత్తగా రాసిన విండోస్ ఎన్‌టీ 1993లో వచ్చింది. ప్రతి ప్రోగ్రామ్‌కూ విడి మెమరీ, ప్రతి ఫైలుకూ అనుమతుల జాబితా, అన్నీ పకడ్బందీగానే కుదిరాయి. అయితే 1996లో ఎన్‌టీ 4.0కు వచ్చేసరికి వేగం కోసం గ్రాఫిక్స్ భాగాన్ని కెర్నల్‌లోకి మార్చారు. అప్పటి నుంచి వీడియో డ్రైవర్‌లో చిన్న తప్పున్నా మిషన్ మొత్తం పడేది. ఏళ్లపాటు జనం చూసిన నీలి తెరల్లో ఎక్కువ భాగం ఇలా బయటి సంస్థలు రాసిన డ్రైవర్ల చలవే.

2001లో విండోస్ ఎక్స్‌పీ ఈ ఎన్‌టీ పునాదిని ఇళ్లకు తెచ్చింది. కానీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు సృష్టించే ఖాతాకు అడ్మిన్ అధికారం అలాగే ఉంచింది. కారణం మళ్లీ పాత ప్రోగ్రామ్‌లే. అవి తమ సెట్టింగులను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో, విండోస్ సెట్టింగుల ఖజానా అయిన రిజిస్ట్రీలోని ఉమ్మడి భాగంలో రాసేవి. సాధారణ ఖాతాకు అక్కడ రాసే హక్కు లేదు, కాబట్టి అడ్మిన్ కాకపోతే అవి పనిచేయవు. వినియోగదారు తెరిచిన ప్రతి ప్రోగ్రామ్‌కూ, దానితోపాటు ప్రతి వైరస్‌కూ పూర్తి అధికారం దక్కింది. ఇది చాలదన్నట్టు నెట్‌వర్క్ మీద తమంతట తామే పాకే వైరస్‌లు, 2003 జనవరిలో 376 బైట్ల స్లామర్, అదే ఏడాది ఆగస్టులో బ్లాస్టర్, వచ్చి పడ్డాయి. బ్లాస్టర్ దూరిన లోపానికి ప్యాచ్ జులైలోనే విడుదలైంది, చాలామంది వేసుకోలేదు. 2004లో సర్వీస్ ప్యాక్ 2 ఫైర్‌వాల్‌ను ముందుగానే ఆన్ చేసి ఇవ్వడంతో పరిస్థితి కొంత మారింది.

2007 నాటి విస్టాను చాలామంది తిట్టుకున్నారు. నా దృష్టిలో విండోస్ భద్రతకు అసలు మలుపు అదే. అధికారం కావాలంటే అడిగి తీసుకునే యూఏసీ పద్ధతి, 64 బిట్‌లో సంతకం లేని డ్రైవర్లకు ప్రవేశం లేకపోవడం, గ్రాఫిక్స్ కార్డు 2 సెకన్లు స్పందించకపోతే మిషన్‌ను పడేయకుండా ఆ డ్రైవర్‌నే రీస్టార్ట్ చేయడం అప్పుడొచ్చినవే. పాత ప్రోగ్రామ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, దాన్ని ఆపకుండా ఆ రాతను వినియోగదారు ఫోల్డర్‌లోని వర్చువల్‌స్టోర్‌కు మళ్లిస్తుంది. పాత అకౌంటింగ్ ప్యాకేజీ డేటా ఫైల్ ఉండాల్సిన చోట కనబడకపోతే ఈనాటికీ ముందు వెతకాల్సింది యాప్‌డేటా, లోకల్ కింద ఉన్న ఆ వర్చువల్‌స్టోర్‌లోనే. బ్యాకప్ తీసేవాళ్లు దీన్ని వదిలేసి నష్టపోతుంటారు.

అదే కాలంలో 64 బిట్ కెర్నల్‌ను ఎవరూ తిరగరాయకుండా మైక్రోసాఫ్ట్ అడ్డుకట్ట వేస్తే, సైమాంటెక్, మెకాఫీ వంటి యాంటీవైరస్ సంస్థలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. 2009లో యూరోపియన్ కమిషన్‌కు ఇచ్చిన హామీ ప్రకారం, తన భద్రతా సాఫ్ట్‌వేర్ వాడే ఏపీఐలను (ప్రోగ్రామ్‌లు విండోస్ సేవలను అడిగి తీసుకునే దారులను) పోటీదారులకూ ఇవ్వాల్సి వచ్చింది. 2024 ప్రమాదం తర్వాత మైక్రోసాఫ్ట్ ప్రతినిధి ఈ హామీనే గుర్తుచేశారు. కానీ కెర్నల్‌ను తెరిచే ఉంచాలన్న షరతు ఆ హామీలో లేదు. తన సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను కూడా కెర్నల్ బయటకు తెచ్చి, అందరికీ సమానమైన ఏపీఐ ఇచ్చే దారి అప్పుడూ ఉంది. ఆ పని మొదలైంది ప్రమాదం జరిగాకే. బయటి భద్రతా సంస్థలు కెర్నల్ వెలుపల నడిచేలా చేసే ఏర్పాటును 2025లో భాగస్వాములకు పరీక్ష కోసం ఇచ్చింది.

యాపిల్ దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1984 నాటి పాత మ్యాక్ సిస్టమ్‌లోనూ మెమరీ రక్షణ లేదు. దాన్ని సరిచేయడానికి తలపెట్టిన కోప్లాండ్ అనే కొత్త సిస్టమ్ పని 1996లో ఆగిపోయింది. ఆ ఏడాది చివర నెక్స్ట్ సంస్థను కొనడానికి ఒప్పుకుని, దాని యూనిక్స్ పునాది మీద 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ విడుదల చేసింది. పాత ప్రోగ్రామ్‌లకు కొన్నేళ్ల గడువిచ్చి తర్వాత తలుపు మూసేయడం అక్కడి రివాజు. పాత పవర్‌పీసీ ప్రాసెసర్ కోసం రాసిన ప్రోగ్రామ్‌లు 2011లో, 32 బిట్ ప్రోగ్రామ్‌లు 2019లో పోయాయి. ఆ 2019 విడుదలే సిస్టమ్ ఫైళ్లను చదవడానికి మాత్రమే వీలయ్యే విడి వాల్యూమ్‌లో పెట్టింది. భద్రతా సాఫ్ట్‌వేర్ కెర్నల్ బయట నడిచే ఏర్పాటునూ అదే తెచ్చింది. 2024 జులైలో మ్యాక్‌లకు ఆ అప్‌డేట్ వెళ్లలేదన్నది నిజమే. వెళ్లి ఉన్నా, ఈ ఏర్పాటులో తప్పు చేసిన ప్రోగ్రామ్ ఒక్కటే కూలేది. దీనికి మూల్యం చెల్లించేది పాత ప్రింటర్, ఆడియో పరికరం, ఒకసారి డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లకు టహో అనే మ్యాక్ఓఎస్ వెర్షనే చివరి విడుదల అని 2025 జూన్‌లో ప్రకటించారు కాబట్టి ఈసారి వంతు వాళ్లది.

లినక్స్ మాట రెండు ముక్కలుగా ఉంటుంది, గందరగోళమంతా అక్కడే. కెర్నల్ మారినా వినియోగదారు ప్రోగ్రామ్ చెడకూడదన్నది లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ పట్టుబట్టి నడిపే నియమం. కానీ కెర్నల్ లోపలి ఏర్పాట్లు ఎప్పుడైనా మారొచ్చు. డ్రైవర్ కోడ్ కెర్నల్ మూలంలోనే ఉంటే, మార్చినవాళ్లే దాన్నీ సరిచేస్తారు. అందుకే ఇరవై ఏళ్ల నాటి పరికరం కూడా కొన్నిసార్లు లినక్స్‌లోనే పనిచేస్తుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ మాడ్యూల్‌లా బయట ఉండేవాటిని మాత్రం ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కూ మళ్లీ కంపైల్ చేయాలి, అంటే మూల కోడ్ నుంచి కొత్తగా తయారుచేయాలి. కంపైల్ విఫలమైనా, సంతకం ఉన్న కోడ్‌నే రానిచ్చే సెక్యూర్ బూట్ ఉన్నచోట మాడ్యూల్‌కు సంతకం లేకపోయినా నల్ల తెర ఎదురవుతుంది. అప్పుడు మిషన్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఎంచుకుని, పాత కెర్నల్‌తో బూట్ అయి, డ్రైవర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. పాత కెర్నల్ ఒకటైనా ఉంచుకోమనేది ఇందుకే.

కెర్నల్ పైన ఉండే లైబ్రరీల సంగతి వేరు. కొత్త డిస్ట్రిబ్యూషన్‌లో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ కూర్పులో) కంపైల్ చేసిన ప్రోగ్రామ్, పాతదానిలో జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ కావలసిన వెర్షన్ దొరకలేదంటూ ఆగిపోతుంది. 2022లో జీలిబ్‌సీ 2.36లో ఒక పాత పట్టికను వదిలేయడంతో ఆటల్లో మోసాన్ని పట్టే ఈజీ యాంటీ-చీట్ వాడే ఆటలు కొన్ని ఆగిపోయాయి. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ లాంటివి ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీలను వెంటే తెచ్చేది ఈ ఇబ్బంది వల్లే. ఇక, కోడ్ అందరికీ కనబడుతుంది కాబట్టి లినక్స్ సురక్షితం అనే మాటను 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ ఉదంతం పరీక్షకు పెట్టింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దాచారు. దూరం నుంచి మిషన్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వడంతో అది బయటపడింది. కోడ్ తెరిచి ఉండబట్టే ఆయన తవ్వగలిగారు, కానీ అంత ఓపికగా చూసేవాళ్లు అన్ని చోట్లా ఉండరు.

పాతదాన్ని మోయడం వల్ల వచ్చే ప్రమాదానికి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన 2017 మే 12 నాటి వానాక్రై సాక్ష్యం. అది పాకింది 1980ల నాటి ఎస్‌ఎంబీ 1 ఫైల్ షేరింగ్ ద్వారా. పాత నెట్‌వర్క్ ప్రింటర్ల కోసం, పాత స్టోరేజ్ పెట్టెల కోసం దాన్ని ఆన్‌లోనే ఉంచారు. ప్యాచ్ రెండు నెలల ముందే వచ్చింది. ఆ ఏడాది చివరి విండోస్ 10 విడుదల నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో ఎస్‌ఎంబీ 1తో ఫైళ్లు పంచే సర్వర్ భాగం ఉండదు. మీ మిషన్‌లో ఉందేమో కంట్రోల్ ప్యానెల్‌లోని విండోస్ ఫీచర్ల జాబితాలో చూసి, టిక్ ఉంటే తీసేయండి. ఆ తర్వాత స్కానర్ ఫోల్డర్‌లోకి ఫైల్ పంపలేకపోతే దాని ఫర్మ్‌వేర్ మార్చాలి తప్ప టిక్ మళ్లీ పెట్టకూడదు.

2021లో విండోస్ 11తో మైక్రోసాఫ్ట్ కూడా పాత మాటను కొంత సడలించింది. రహస్య కీలను దాచే టీపీఎం 2.0 చిప్, సుమారు 2018 తర్వాతి ప్రాసెసర్ ఉండాలంది. 32 బిట్ వెర్షన్ లేదు కాబట్టి 16 బిట్ ప్రోగ్రామ్‌లకూ చోటు పోయింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. బాగా పనిచేస్తున్న మిషన్లు ఉన్నవాళ్లకు ఇప్పుడు ఎటు వెళ్లాలన్న ప్రశ్న నిజంగానే వచ్చింది.

మారాలనుకుంటే ముందు రాసుకోవాల్సింది ప్రోగ్రామ్‌ల పేర్లు కాదు, వాటిలో సొంత డ్రైవర్ కోరేవి ఏవన్నది. డ్రైవర్ అవసరం లేని విండోస్ ప్రోగ్రామ్‌లు చాలా లినక్స్‌లో వైన్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. యూఎస్‌బీ డాంగిల్‌కు సొంత డ్రైవర్ కావాలనేవి, కెర్నల్‌లో కూర్చునే యాంటీ-చీట్ ఉన్న ఆటలు నడవవు, ఎందుకంటే ఆ డ్రైవర్లను అసలు కెర్నల్‌లోకి ఎక్కించడం వైన్‌కు సాధ్యం కాదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) వేసి, డిస్కును ముట్టుకోకుండా వైఫై, శబ్దం, రెండో మానిటర్, ప్రింటర్ చూసుకోవాలి. మూత మూసి తెరిచాక మిషన్ మేలుకుంటుందో లేదో తప్పక చూడాలి. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే. వదులుకోలేని పాత ప్రోగ్రామ్ ఒక్కటే మిగిలితే, దాని కోసం పాత విండోస్‌ను వర్చువల్ మిషన్‌లో పెట్టి, నెట్‌వర్క్ అడాప్టర్ తీసేసి, ఒక షేర్డ్ ఫోల్డర్ ద్వారానే ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు.