గార్డ్ పన్నెండోవాడు ఎందుకయ్యాడు?

చిరంజీవులు పెద్దోడికీ, చిట్టితల్లికీ తాతయ్య ఆశీస్సులు.

పెద్దోడా, మొన్న ఫోన్‌లో నువ్వడిగిన ప్రశ్నకి నేను జవాబు మొదలుపెట్టగానే మీ అమ్మ అన్నానికి పిలిచింది. ఫోన్‌లో తేలే సంగతి కూడా కాదులే, అందుకే ఉత్తరం రాస్తున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్ టీములు ఏటా కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఒక్కొక్కరినే పిలిచి తీసుకునే డ్రాఫ్ట్ గురించి కదా నీ ప్రశ్న. "పోయినేడు, 2025 డ్రాఫ్ట్‌లో గార్డులందరిలోకీ ముందు టైలర్ బుకర్‌నే తీసుకున్నారు కదా తాతయ్యా. గార్డుల్లో ఒకటోవాడు మొత్తం మీద పన్నెండోవాడు ఎట్లా అయ్యాడు? ముందున్న పదకొండుమందీ అతనికన్నా గొప్పవాళ్ళా?" అన్నావు. నీ గొంతులో కాస్త రోషం కూడా వినపడింది. టెక్సస్‌లో, ఫ్రిస్కోలో పెరుగుతూ అతన్ని తీసుకున్న మీ టీము కౌబాయ్స్ ఆటగాడి తరఫున ఆ మాత్రం రోషపడటం న్యాయమే.

ఆ పదకొండుమందిలో ఇంకో గార్డ్, అంటే బంతి విసిరేవాడికి అడ్డుగా నిలబడేవాడు, ఒక్కడూ లేడు, గమనించావా? మొదటి పిలుపు క్యామ్ వార్డ్‌కి. అతను క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరేవాడు. మూడోవాడు అబ్దుల్ కార్టర్, అంచు నుంచి దూసుకొచ్చి అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టేవాడు. ఆరోవాడు యాష్టన్ జెంటీ, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తేవాడు. ఒక్కొక్కరిది ఒక్కో పని. వేరు వేరు పనులు చేసేవాళ్ళని ఒకే వరసలో నిలబెడితే ఆ వరస గొప్పతనం చెప్పదు, ఇంకేదో చెబుతుంది. అదేమిటో నీకు తెలియాలంటే ముందు మా ఊరి రామాలయం అరుగు దగ్గరికి రావాలి.

ఇక్కడ శ్రీరామనవమి పందిళ్ళు ఇప్పుడిప్పుడే విప్పుతున్నారు. నా చిన్నప్పుడు నవమికి మా ఊళ్ళో రాత్రంతా భారతం నాటకం ఆడించేవాళ్ళు. నటులు మా ఊరివాళ్ళు కాదు. తెనాలి నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఒక్కో వేషానికి ఒక్కొక్కరిని విడివిడిగా మాట్లాడి రప్పించేవాళ్ళు. పండక్కి చాలా ముందే మా పెద్దనాన్నా ఊరిపెద్దలూ అరుగు మీద కూర్చుని, పద్దుపుస్తకం వెనక పేజీలో లిస్టు రాసేవాళ్ళు. నేను లాంతరు పట్టుకుని పక్కన కూర్చునేవాణ్ణి.

ఆ లిస్టు వేషాలవారీగా ఉండేది. పైన కృష్ణుడు అని రాసి గీత గీసేవాళ్ళు. దాని కింద కృష్ణుడి వేషానికి పేరున్నవాళ్ళు, ముందు ఎవరు, తర్వాత ఎవరు. పక్కన దుర్యోధనుడు, ఇంకోపక్క కర్ణుడు, భీముడు, ధర్మరాజు. ప్రతి పేరు పక్కనా చిన్న అక్షరాలతో ఒక మాట: "పై స్థాయి బాగా అందుకుంటాడు, అర్ధరాత్రి దాటాక గొంతు జారుతుంది." "గద పట్టుకుంటే నిండుగా ఉంటాడు, పద్యం మింగేస్తాడు." ఆ ఒక్కొక్క మాట కోసం ఎంత వాదించుకునేవాళ్ళో! ఎవరైనా కుర్రాడు మధ్యలో దూరి "పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడు గొప్పా, ఫలానా ఆయన భీముడు గొప్పా" అన్నాడంటే పెద్దనాన్న కలం ఆపి, "ముందు నాటకం చూడటం నేర్చుకోరా" అనేవాడు. కృష్ణుణ్ణి కృష్ణుడితో పోల్చాలి. భీముణ్ణి భీముడితో పోల్చాలి. భీముడికి కావలసిన గొంతు కృష్ణుడికి ఉంటే రాయబారం చెడిపోతుంది.

ఏప్రిల్ వచ్చేసరికి మీ దగ్గర అందరూ రాసే లిస్టులు ఇవే. క్వార్టర్‌బ్యాక్‌లు ఒక గీత కింద, బంతి పట్టుకునే రిసీవర్లు ఒక గీత కింద, గార్డులకి అటూ ఇటూ చివర్న నిలబడే టాకిల్స్, గార్డులు, రిసీవర్లని కాచుకునే కార్నర్‌బ్యాక్‌లు వేరు వేరుగా. ఫిబ్రవరి చివర్లో కాలేజీ కుర్రాళ్ళని ఇండియానాపొలిస్‌కి పిలిచి కొలుస్తారు చూడు, ఆ కంబైన్ కూడా అరుగు మీద పద్యం పాడించి చూడటమే. 1987 నుంచీ అక్కడే జరుగుతోంది. 40 గజాల పరుగు ఎంతసేపు, నించున్నచోట నుంచి ఎంత ఎత్తు ఎగురుతాడు, 225 పౌన్ల బరువు ఎన్నిసార్లు ఎత్తుతాడు, అరచెయ్యి వెడల్పెంత, చెయ్యి పొడుగెంత, అన్నీ కొలుస్తారు. కొలత ఒకటే అయినా ఏ వేషానికి ఏ కొలత ముఖ్యం అన్నది మారిపోతుంది. అరచేతి వెడల్పు గురించి క్వార్టర్‌బ్యాక్ దగ్గర గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, వానలో బంతి జారకూడదు కదా. 40 గజాల పరుగు రిసీవర్‌కి ప్రాణం. జేవియర్ వర్తీ 2024లో 4.21 సెకండ్లలో పరిగెత్తి రికార్డు కొట్టాడు. అదే 145 కిలోల గార్డ్ దగ్గరికొస్తే ఆ పరుగును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అతను 40 గజాలు పరిగెత్తాల్సిన అవసరం ఎప్పుడో గాని రాదు.

టాకిల్‌కి చెయ్యి పొడుగు చూస్తారు. విల్ క్యాంప్‌బెల్ అనే కుర్రాడి చెయ్యి కంబైన్‌లో 33 అంగుళాలకి ఓ పిసరు తక్కువ వచ్చింది. ఆ పిసరు మీద నెలల తరబడి వాదన! చివర్న నిలబడే టాకిల్‌కి ఆ చెయ్యి చాలదు, లోపలికి జరిపి గార్డ్‌గా ఆడించండి అన్నవాళ్ళున్నారు. అంటే అదే మనిషి, అదే చెయ్యి, ఒక అడుగు లోపలికి జరిగితే లిస్టు మారిపోతుంది. న్యూ ఇంగ్లండ్ వాళ్ళు అవేమీ పట్టించుకోకుండా నాలుగో పిలుపులో తీసుకుని టాకిల్‌గానే నిలబెట్టారు. నాకు వాళ్ళ తెగువ నచ్చింది.

ఇప్పుడు నీ పన్నెండు సంగతి. మా ఊరి కమిటీ బయానా ఇవ్వడానికి బయలుదేరితే మొట్టమొదట ఎవరి ఇంటికి వెళ్ళేదనుకున్నావు? కృష్ణుడి ఇంటికి. మంచి కృష్ణులు జిల్లాకి నలుగురో ఐదుగురో. నవమి అన్ని ఊళ్ళకీ ఒకటే రోజు. ఆలస్యం చేస్తే ఆయన ఇంకో ఊరికి మాట ఇచ్చేసి ఉంటాడు. ధర్మరాజుని పండగ దగ్గరపడ్డాక మాట్లాడుకున్నా దొరుకుతాడు. హార్మోనిస్టునైతే మరీ చివర్లో మాట్లాడేవాళ్ళు. దాన్ని బట్టి హార్మోనిస్టు పనికిమాలినవాడు అంటామా? ఒక ఏడాది మాట్లాడుకున్న హార్మోనిస్టు రాలేదు. ఎవరినో కూర్చోబెట్టారు. ఆయన శ్రుతి ఒకచోట, కృష్ణుడి పద్యం ఒకచోట. అంత పేరున్న కృష్ణుడు రెండో పద్యానికే చెమటలు కక్కాడు. జనం వన్స్‌మోర్ అనాల్సిన చోట పిల్లల్ని లేపుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. స్టేజి పక్కన దీపం నీడలో కూర్చునే మనిషి, ఎవరూ చప్పట్లు కొట్టని మనిషి, ఆయన లేకపోతే కృష్ణుడు కూడా లేడు.

గార్డ్ పని అదే నాన్నా. క్వార్టర్‌బ్యాక్ నింపాదిగా నిలబడి బంతి విసరాలంటే ఎదురుగా వచ్చే కొండలాంటి మనుషుల్ని అతను ఆపాలి. టీవీలో అతని మొహం కూడా కనపడదు. మంచి గార్డులు, అన్ని టీములూ ఒక వంతు పిలుచుకున్నాక వచ్చే రెండో రౌండ్‌లో, మూడో రౌండ్‌లో కూడా దొరుకుతారని టీములకి నమ్మకం. మంచి క్వార్టర్‌బ్యాక్ దొరకడు. 2024లో మొదటి 12 పిలుపుల్లో ఆరు క్వార్టర్‌బ్యాక్‌లకే పోయాయి. అటువంటి చోట ఒక గార్డ్ పన్నెండోవాడుగా వెళ్ళాడంటే తక్కువ మాట కాదు. 2018లో క్వెంటన్ నెల్సన్ అనే గార్డ్‌ని ఇండియానాపొలిస్ వాళ్ళు ఆరోవాడుగా తీసుకుంటే ఇప్పటికీ వింతగా చెప్పుకుంటారు.

ఇంకో కారణం కూడా ఉంది, మీ ఇంటి పక్కనే ఉంది. కౌబాయ్స్‌లో కుడివైపు గార్డ్‌గా పదకొండు సీజన్లు ఆడిన జాక్ మార్టిన్ సరిగ్గా ఆ ఏడాదే రిటైర్ అయ్యాడు. ఇంట్లో ఆ చోటు ఖాళీ. వాళ్ళకి కావలసింది ఆ వేషమే. కాబట్టి ఆ పన్నెండు అనే అంకెలో బుకర్ గొప్పతనం ఒక పాలు, ఆ వేషానికి కరువు ఎంతన్నది ఒక పాలు, పిలిచిన టీము అవసరం ఒక పాలు కలిసి ఉన్నాయి.

పిలుపుల వరస కూడా నాకు భలే ముచ్చటగా ఉంటుంది. మా రోజుల్లో డబ్బున్న ఊరికే పెద్ద కృష్ణుడు దొరికేవాడు. చిన్న ఊళ్ళకి గొంతు పోయినవాళ్ళు మిగిలేవాళ్ళు. ఫుట్‌బాల్‌లోనూ మొదట్లో అంతే, ఎవరు ఎక్కువిస్తే కుర్రాడు వాళ్ళదే. ఫిలడెల్ఫియా టీము యజమాని బర్ట్ బెల్ దీన్ని తిరగేద్దాం అన్నాడు: అందరికన్నా ఎక్కువ ఓడినవాళ్ళు ముందు ఎంచుకోవాలి, గెలిచినవాళ్ళు చివర్న. 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో, బోర్డు మీద 90 పేర్లు రాసి మొదటి డ్రాఫ్ట్ జరిపారు. అప్పుడు అందరికన్నా ఎక్కువ ఓడింది బర్ట్ బెల్ టీమే, కాబట్టి తొలి పిలుపు ఆయనదే. జే బెర్వాంగర్‌ని పిలిచాడు. అతనడిగిన డబ్బు ఇచ్చుకోలేక హక్కుని చికాగోకి ఇచ్చేశాడు. అక్కడా బేరం కుదరక బెర్వాంగర్ ఆ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు! అయినా ఆ పద్ధతి నిలబడింది. ఓడినవాడికి ముందు చోటు ఇవ్వడం మంచి ధర్మం. మీరిద్దరూ ఆటవస్తువులు పంచుకునేటప్పుడు కూడా అది గుర్తుపెట్టుకోండి.

చిట్టితల్లీ, నువ్వు వెనక నుంచి అరిచిన ప్రశ్న కూడా విన్నాను. "ట్రావిస్ హంటర్‌ని ఏ లిస్టులో రాయాలి?" అన్నావు. కొలరాడో యూనివర్సిటీలో ఆ కుర్రాడు బంతి పట్టుకునే రిసీవర్, అవతలివాళ్ళని పట్టుకోనివ్వని కార్నర్‌బ్యాక్, రెండూ ఒకే ఆటలో! టీములో తక్కినవాళ్ళు వంతు మారి నీళ్ళు తాగుతుంటే ఇతను మాత్రం మైదానంలోనే ఉంటాడు. రిసీవర్ల లిస్టులోనూ పైనే, కార్నర్‌బ్యాక్‌ల లిస్టులోనూ పైనే. మా ఊరి పద్దుపుస్తకంలో ఒకే పేరు రెండు గీతల కింద రాసినప్పుడు పెద్దనాన్న దాని చుట్టూ సున్నా చుట్టేవాడు, అంతే. జాక్సన్‌విల్ వాళ్ళు అతని కోసం ఐదో చోటు నుంచి రెండో చోటుకి ఎగబాకారు. అందుకు మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిలుపు కూడా వదులుకున్నారు. మొదటి ఏడాది మధ్యలోనే మోకాలి దెబ్బతో పాపం ఆగిపోవాల్సి వచ్చింది. రెండు వేషాలు ఒక ఒంట్లో ఎట్లా పడతాయో, ఎన్నాళ్ళు పడతాయో నాకైతే చెప్పడం రాదు తల్లీ. అతను పరిగెడుతుంటే నోరు తెరుచుకుని చూడటమే.

లిస్టులో చిట్టచివర ఉన్న పేరుని కూడా చిన్నచూపు చూడకండి. 2000లో టామ్ బ్రేడీ అనే బక్కపల్చటి కుర్రాడు ఆ 40 గజాలు పరిగెత్తడానికి 5.28 సెకండ్లు తీసుకున్నాడు. అతనికన్నా ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్ళారు. 199వ పిలుపు దాకా ఎదురుచూశాడు. తర్వాత ఏడు సూపర్‌బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు. అంతమంది పెద్దలు, అన్ని కొలతలు, అందరి కళ్ళ ముందే నిలబడి ఉన్నా కనపడలేదు. అర్ధరాత్రి దాటాక గొంతు నిలుస్తుందా జారుతుందా అన్నది అరుగు మీద పాడిస్తే ఎట్లా తెలుస్తుంది?

సరే, మీకో పని చెబుతాను. ఈ ఏప్రిల్ 23న పిట్స్‌బర్గ్‌లో డ్రాఫ్ట్ మొదలయ్యేలోగా చెయ్యాలి. పెద్దోడా, నువ్వు గార్డుల లిస్టు ఒక్కటే రాయి. ఎవరో రాసినదాన్ని దించకు. నాన్ననడిగి కాలేజీ ఆటల వీడియోలు పెట్టించుకో. బంతి కదలగానే నీ కళ్ళు బంతి వెంట పోతాయి, పోనివ్వకు. గార్డ్ వీపు మీద నంబరు పట్టుకుని అతన్నే చూడు. నేల మీద ఆనించిన చెయ్యి ఎప్పుడు లేచింది, మొదటి అడుగు ఏ కాలితో వేశాడు, రెండు చేతులూ అవతలివాడి గుండెల మీదికి ముందు వెళ్ళాయా, అవతలివాడి చేతులే ముందొచ్చాయా, తన మనిషిని పక్కవాడికి అప్పగించి ఇంకొకడి మీదికి ఎప్పుడు తిరిగాడు. బంతి కదిలిన ప్రతిసారీ నాలుగైదు సెకండ్లే ఉంటుంది, కాబట్టి వెనక్కి తిప్పి తిప్పి చూడు. ప్రతి పేరు పక్కనా నీకు కనపడింది ఒక్క మాట రాయి, మంచైనా చెడైనా. చిట్టితల్లీ, నువ్వు కార్నర్‌బ్యాక్‌లది రాయి. వాళ్ళు వెనక్కి పరిగెడుతూ మనిషినీ బంతినీ రెండిటినీ ఎట్లా చూసుకుంటారో పట్టుకో.

రాసినవి ఫొటో తీసి పంపండి. మీకు గురువారం రాత్రి డ్రాఫ్ట్ మొదలయ్యేసరికి ఇక్కడ శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నర. నేను కాఫీ పెట్టుకుని ఫోన్ పక్కనే కూర్చుంటాను. మొదటి గార్డ్ పేరు చదవగానే ఫోన్ చెయ్యండి.

ఇట్లు,
మీ తాతయ్య