విరగడానికే ఉన్న కీలు

మండపీతను ప్రాణంతో నేరుగా మరిగే నీళ్ళలో వేసినవాళ్ళు ఒకసారైనా ఈ సంగతి గమనించే ఉంటారు. మూత తీసేసరికి డిప్ప ఒక పక్కన, కాళ్ళు ఒక పక్కన, డెక్కలు మరో పక్కన విడివిడిగా పడి ఉంటాయి. ఉడికి ఊడిపోయాయని అనుకుంటాం గానీ, నిజానికి ఆ కాళ్ళూ డెక్కలూ ఉడకకముందే, వేడి తగిలిన కొద్ది క్షణాల్లోనే, పీత తనంత తాను విడిచేసినవి. అందుకే చెయ్యి తిరిగిన వంటవాళ్ళు పీతను ముందు ఐసులో పెట్టి, మొద్దుబారనిచ్చి, చంపిన తరువాతే పులుసులోకి దించుతారు.

అలా ఊడిన కాలొకటి చేతిలోకి తీసుకుని మొదలు వైపు చూస్తే, అది ఎక్కడో అడ్డదిడ్డంగా విరగలేదని తెలుస్తుంది. ప్రతి కాలూ, ప్రతి డెక్కా ఒంటికి దగ్గరగా ఉన్న ఒకే కణుపు మీద, గుండ్రంగా కోసినట్టు తెగి ఉంటుంది. ఆ కణుపు చుట్టూ పెంకు మీద పుట్టుకతోనే సన్నని గాడి ఉంటుంది. ప్రమాదం తగలగానే ఒక ప్రత్యేకమైన కండరం బిగుసుకుని కాలును ఆ గాడి దగ్గర తెంపేస్తుంది. లోపల అడ్డంగా ఒక పొర ఉండి, నరమూ రక్తమూ వెళ్ళే చిన్న రంధ్రం మాత్రమే అందులో తెరిచి ఉంటుంది గనుక, తెగిన మరుక్షణమే అది మూసుకుపోయి, నీలి ఛాయ గల పీత రక్తం నాలుగు చుక్కలు కూడా పోకుండా ఆగిపోతుంది. అదే కాలును కత్తితో మధ్యకు నరికితే రక్తం ఆగకుండా కారుతుంది. చాలాసార్లు పీత ఆ మిగిలిన మొండి ముక్కను కూడా గాడి దగ్గరే తెంపి పారేసి ప్రాణం కాపాడుకుంటుంది. బెల్జియం శరీరధర్మ శాస్త్రవేత్త లియోన్ ఫ్రెడరిక్ 1880ల్లో ఈ పనిని పరిశీలించి, ఇది పీత ఆలోచించి చేసేది కాదని, అసంకల్పిత చర్య అని చూపించి, దానికి ఆటోటమీ అని పేరు పెట్టాడు. స్వయంఛేదం అని మనం చెప్పుకోవచ్చు.

పోయిన కాలు మళ్ళీ మొలుస్తుందన్న మాట అంతకు చాలా ముందే జాలర్లకు తెలుసు. పండితులు మాత్రం దాన్ని కట్టుకథగా కొట్టిపారేశారు. ఫ్రాన్సులో రెయోమ్యూర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పెద్ద రొయ్యల్లా ఉండే మంచినీటి క్రేఫిష్‌ల కాళ్ళు తెంచి, వాటిని నీళ్ళలో ఉంచి, రోజులూ వారాలూ చూసి, 1712లో పారిస్ అకాడమీకి సమర్పించిన వ్యాసంలో జాలర్ల మాటే నిజమని తేల్చాడు. పడవ మీద ఉన్నవాడి మాటను పుస్తకం ముందున్నవాడు నమ్మడానికి ప్రయోగం కావలసి రావడం విజ్ఞాన చరిత్రలో మామూలే.

తెగిన చోట మొదట నల్లని పక్కు కడుతుంది. దాని కింద చర్మ కణాలు చేరి, విభజన చెందుతూ ఒక చిన్న మొగ్గగా పైకి వస్తాయి. ఆ మొగ్గలోనే కొత్త కాలు కణుపులతో సహా మడతపడి, పలుచని సంచిలో ముడుచుకుని తయారవుతుంది. అయితే గట్టి పెంకులో బతికే ప్రాణి ఎప్పుడు పడితే అప్పుడు పెరగలేదు. పీత కుబుసం విడిచే రోజు వరకు ఆ కాలు అలా ఎదురుచూడవలసిందే. పాత పెంకు వెనక వైపు చీలి, పీత వెనక్కి జరుగుతూ మెత్తని ఒంటితో బయటికి వచ్చి నీరు పీల్చుకుని ఉబ్బుతున్నప్పుడు, అరటి మొవ్వ విచ్చుకున్నట్టు ఆ మడత కూడా విచ్చుకుంటుంది. కుబుసం విడవడం పూర్తిగా మానేసిన ముసలి పీతకు డెక్క పోతే పోయినట్టే.

ఆ కుబుసానికి కళ్ళెం పీత కంటి కాడలో ఉంది. అక్కడి నుంచి వచ్చే హార్మోను కుబుసాన్ని ఆపి ఉంచుతుంది. అది తగ్గినప్పుడు మరో గ్రంథి కుబుసం హార్మోనును వదులుతుంది. మన కోస్తాలోని రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కంటి కాడను తీసివేయడం చూసినవారికి ఈ తర్కం కొత్త కాదు, అక్కడ తొలగించేది గుడ్లకు అడ్డుపడే హార్మోనును గనుక. విచిత్రమేమిటంటే, ఒకేసారి చాలా కాళ్ళు పోయిన పీత ఎదురుచూడకుండా కుబుసాన్ని ముందుకు జరుపుకుంటుంది. ఆగ్నేయాసియాలో మెత్తని పెంకు పీతలను పెంచే కొన్నిచోట్ల, ఈ లక్షణాన్ని వాడుకుని, ఈత కాళ్ళు తప్ప మిగతావన్నీ పీత చేతే విడిపించి డబ్బాల్లో వేస్తారు. తెలివైన పద్ధతే అయినా, తలుచుకుంటే తినాలనిపించదు.

కొత్తది పాతదానితో సమానమనుకోవడం పొరపాటు. కోరంగి మడ అడవుల బురద మీద ఒంటి పెద్ద డెక్కను ఊపుతూ కనిపించే చిన్న ఫిడ్లర్ పీతల్లో, కొన్ని జాతుల మగవాటికి పోయిన డెక్క మళ్ళీ అంతే పొడవుగా వస్తుంది గానీ, తేలికగా, కండ తక్కువగా ఉంటుంది. చూపులకు బెదిరిస్తుంది, పోట్లాటకు పనికిరాదు.

పోయినది మళ్ళీ మొలిచే ఈ శక్తి మీదే ఆధారపడి నిలిచిన వేట ఒకటి అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంది. అక్కడి స్టోన్ క్రాబ్ బరువులో దాదాపు సగం దాని రెండు డెక్కలదే. పీతను ఒడ్డుకు తేవడం చట్టవిరుద్ధం. పంది కాళ్ళో చేప తలలో ఎరగా పెట్టిన బోనుల్లో దాన్ని పట్టి, డెక్క విరిచి, పీతను తిరిగి నీళ్ళలో వదలాలి. అక్టోబరు 15 నుంచి మే 1 వరకే సీజన్. గుడ్లున్న ఆడపీత జోలికి వెళ్ళకూడదు. 2020లో నిబంధనలు బిగించినప్పటి నుంచి డెక్క కనీసం 73 మిల్లీమీటర్ల పొడవుండాలి. పచ్చి డెక్కను గడ్డకట్టిస్తే కండ పెంకుకు అతుక్కుపోతుంది గనుక, ఒడ్డు చేరిన వెంటనే ఉడకబెట్టి ఐసులో పెడతారు.

పైకి ఇది మొక్క నుంచి ఆకు కోసుకున్నంత నిరపాయంగా కనిపిస్తుంది. పీత కష్టాలు పీతవి. 1970ల్లో ఫ్లోరిడాలో జరిగిన ఒక పరిశీలనలో ఒక డెక్క తీసిన పీతల్లో 28 శాతం, రెండూ తీసినవాటిలో 47 శాతం చనిపోయాయి. తేడా చాలావరకు విరిచే చేతిలోనే ఉంది. డెక్కను గాడి దగ్గర శుభ్రంగా తెగేలా వంచితే గాయం మూసుకుంటుంది. తొందరలో మెలితిప్పి లాగితే ఒంటి కండ కూడా ఊడివచ్చి, పెద్ద గాయంతో పీత చచ్చిపోతుంది. బతికినదానికి కూడా ఆల్చిప్పలు పగలగొట్టే పనిముట్టు ఉండదు గనుక తిండి తగ్గుతుంది. రెండు డెక్కలూ సైజు ఉంటే రెండూ తీసుకోవడానికి అక్కడి చట్టం ఇప్పటికీ అనుమతిస్తుంది. నా దృష్టిలో ఆ నిబంధన ఆ పీతకు అన్యాయమే.

పెద్ద స్టోన్ క్రాబ్ ఏడాదికి సుమారు ఒకసారే కుబుసం విడుస్తుంది. మొదటిసారి వచ్చే డెక్క చిన్నది. చట్టం ఒప్పుకునే సైజుకు రావడానికి రెండు మూడేళ్ళు పట్టవచ్చు, ఆ జీవి బతికేదే ఏడెనిమిదేళ్ళు. అలా మళ్ళీ మొలిచిన డెక్కను గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు ఉంది. పుట్టుకతో వచ్చిన డెక్క లోపలి వైపు వేలిముద్రలా తెగని సన్నని గీతలు వరుసగా ఉంటాయి. మళ్ళీ మొలిచినదాని మీద ఆ గీతలు ముక్కలై, చుక్కలై కనిపిస్తాయి. సరుకులో అలాంటివి చిన్న భాగమే. పళ్ళెంలోని డెక్కను పగలగొట్టే ముందు ఒకసారి తిప్పి చూస్తే, ఆ పీత ఇంతకుముందే ఒకసారి పడవెక్కి దిగిందో లేదో కొంతవరకు చెప్పవచ్చు.