స్క్వాష్ ప్రొఫెషనల్ లైఫ్: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఆరేళ్లు పీఎస్ఏ (ప్రొఫెషనల్ స్క్వాష్ అసోసియేషన్) వాళ్ల ఛాలెంజర్ టోర్నీలు, అంటే ప్రో టూర్‌లో కింది స్థాయివి, తిరిగాను, ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలకి స్క్వాష్ నేర్పిస్తున్నా. బ్యాడ్మింటన్ అంటే ప్రాణం పెట్టే ఊరు కదా, స్క్వాష్ అనగానే పేరెంట్స్ అందరూ దాదాపు అవే అడుగుతారు, అందుకే ఒకేచోట రాస్తున్నా.

అపోహ: గోడకేసి గట్టిగా బాదేవాడే గెలుస్తాడు.

వాస్తవం: మొదటి రోజు ప్రతి పిల్లాడి చేతిలో రెండు పసుపు చుక్కల బంతి పెట్టి భుజం ఎత్తు నుంచి వదలమంటా. చల్లగా ఉంటే అది మట్టిముద్దలా పడి అక్కడే ఉంటుంది, కొన్ని నిమిషాలు గోడకి కొట్టి వేడెక్కిస్తేనే లేస్తుంది. ఇప్పుడు ఆలోచించండి, లెక్కలేకుండా బాదితే బంతి బాగా వేడెక్కి, వెనక గోడకి తగిలి, అవతలివాడి రాకెట్‌కి హాయిగా అందేలా తిరిగొస్తుంది. మాకు కావాల్సింది పక్క గోడని రాసుకుంటూ వెళ్లి వెనక మూలలో చచ్చిపోయే బంతి, దాన్నే లెంగ్త్ అంటాం. అది కొట్టి వెంటనే కోర్టు మధ్యలో గీతలు కలిసే చోటికి, అంటే టీ దగ్గరికి వచ్చేయాలి, మళ్లీ కొట్టాలి, మళ్లీ రావాలి. కోర్టు 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పే, కానీ అందులోనే గంటకి పైగా ఇలా తిరిగితే కాళ్లు బరువెక్కుతాయి, ర్యాలీ ఎలాగోలా ముగించేయాలనిపిస్తుంది, తొందరపడి డ్రాప్ (ముందు గోడ దగ్గరే పడేలా మెల్లగా కొట్టే షాట్) వేస్తాం, అది పోయి టిన్‌కి (ముందు గోడ అడుగున ఉండే పట్టీ, తగిలితే పాయింట్ పోయినట్టే) తగులుతుంది. చాలా మ్యాచ్‌లు పోయేది అక్కడే.

అపోహ: మెంటల్ స్ట్రెంగ్త్ పుట్టుకతో రావాలి, కసి, కోపం ఉంటేనే ఛాంపియన్.

వాస్తవం: దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఒక టోర్నీలో 2-1 లీడ్‌లో ఉన్నా, నాలుగో గేమ్ 9-7 (గేమ్ 11 పాయింట్లకి), స్ట్రోక్ (అవతలివాడు అడ్డొచ్చినందుకు నాకు పాయింట్) ఇస్తారనుకున్న చోట లెట్ (ఆ పాయింట్ మళ్లీ ఆడటం) ఇచ్చారు. తర్వాత నాలుగు పాయింట్లూ నా బుర్రలో ఆ డెసిషనే తిరిగింది, బంతి కనబడలేదు. గేమ్ పోయింది, ఐదోదీ పోయింది. ఆ రాత్రి మా కోచ్ ఒక్కటే అడిగారు, పాయింట్ అయ్యాక నువ్వేం చేస్తున్నావురా అని. నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి మొదలైంది నా అలవాటు: పాయింట్ అవగానే చెమట పట్టిన అరచేతిని పక్క గోడకి తుడవడం, తుడుస్తూ ఊపిరి మొత్తం వదిలేయడం, తర్వాతి బంతి ఎక్కడికో ఒక్క మాట మనసులో అనుకోవడం. ఐదారు సెకన్ల పని, కానీ నాకు రావడానికి ఏడాది పట్టింది. ఇది ప్రాక్టీస్‌తో వచ్చేదే, మా దగ్గర పదేళ్ల పిల్లలు కూడా చేస్తారు.

మన ఇండియా ఆటగాడు సౌరవ్ ఘోషాల్‌ని చూడండి. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ సింగిల్స్ ఫైనల్లో 2-0 లీడ్‌లో ఉండి, మ్యాచ్ పాయింట్ దాకా వచ్చి, కువైట్ ఆటగాడు అబ్దుల్లా అల్ ముజాయెన్ మీద 3-2తో ఓడిపోయాడు. అంత దెబ్బ తిన్న మనిషి కొద్ది రోజులకే అదే గేమ్స్ టీమ్ ఫైనల్లో మలేషియా మీద తన మ్యాచ్ గెలిచాడు, ఇండియాకి గోల్డ్ వచ్చింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో పాకిస్తాన్‌తో టీమ్ ఫైనల్ అయితే చివరి మ్యాచ్‌కి వచ్చింది, మన అభయ్ సింగ్ ఐదో గేమ్‌లో 8-10 వెనకబడి 12-10తో లాగేశాడు. అలాంటప్పుడు కోపం చేసేదేం లేదు, ఒక్కో బంతి ఆడుకుంటూ పోవాలంతే.

అపోహ: ప్రో అయితే డబ్బే డబ్బు.

వాస్తవం: పై ర్యాంకుల వాళ్లకి పర్వాలేదు. కింద ఛాలెంజర్ టోర్నీల్లో ప్రైజ్ మనీ మొత్తమే కొన్ని వేల డాలర్లు, అది అందరూ పంచుకోవాలి, మొదటి రౌండ్‌లో ఓడితే టికెట్ ఖర్చులు కూడా రావు. అక్కడి క్లబ్ మెంబర్ల ఇళ్లలో ఉండేవాణ్ణి, రాకెట్‌కి గట్ నేనే వేసుకునేవాణ్ణి. యూరప్ క్లబ్ లీగ్ మ్యాచ్‌లు, కోచింగ్, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, ఇవన్నీ కలిపితేనే బండి నడుస్తుంది. ఇది మొదటి రోజే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, దాచొద్దు.

అపోహ: చదువు మానేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఈజిప్ట్ ఆటగాడు అలీ ఫరాగ్ హార్వర్డ్‌లో ఇంజనీరింగ్ చదివి నాలుగుసార్లు వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. ఘోషాల్ లీడ్స్‌లో డిగ్రీ చేశాడు.

అపోహ: ఒలింపిక్స్‌లో లేని ఆట, పైగా పాతికేళ్లకే అయిపోతుంది.

వాస్తవం: 2028 లాస్ ఏంజెలెస్‌లో స్క్వాష్ ఉంది, 2023లో ముంబైలో జరిగిన ఐఓసీ (అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ) మీటింగ్‌లోనే ఓకే చేశారు. ఇక వయసు అంటారా, ఘోషాల్ టాప్ 10లోకి వచ్చింది 2019లో, అప్పటికి 32 ఏళ్లు. 2025 డిసెంబర్‌లో చెన్నైలో ఇండియా స్క్వాష్ వరల్డ్ కప్ గెలిచింది, ఫైనల్లో హాంకాంగ్ మీద 3-0. ఆ టీమ్‌లో అనాహత్ సింగ్‌కి 17, జోష్నా చినప్పకి 39.