హాలిఫాక్స్: ఒక గైడు తరచూ వినే అపోహలు, చూపించే వాస్తవాలు

కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా ప్రావిన్సుకు రాజధాని హాలిఫాక్స్. ఈ ఊరిని సందర్శకులకు కాలినడకన చూపించడం నా వృత్తి. పిల్లలు ఇక్కడ చదువుకుంటున్నారని చూడవచ్చే తెలుగు తల్లిదండ్రులు కూడా మా బృందాల్లో కనిపిస్తున్నారు. వారైనా, యూరప్ నుంచి వచ్చినవారైనా అడిగే ప్రశ్నల వెనుక ఉండే అపోహలు మాత్రం దాదాపు ఒకటే. ఊరిని పటంలో చూసి అంచనా వేసుకోవడం, రేవు వైపు నుంచి చూడకపోవడం వీటిలో చాలావాటికి మూలమని నా అభిప్రాయం.

అపోహ: టైటానిక్ ఇక్కడే మునిగిపోయింది.

ఓడ మునిగిన చోటు ఇక్కడికి తూర్పున వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, న్యూఫౌండ్‌లాండ్‌కు దక్షిణాన ఉంది. ప్రాణాలతో బయటపడినవారిని న్యూయార్క్‌కు చేర్చారు, హాలిఫాక్స్‌కు చేరింది మృతదేహాలు. రైలు సౌకర్యమున్న పెద్ద రేవుల్లో ఇదే దగ్గరిది కావడంతో, సముద్రగర్భంలో టెలిగ్రాఫ్ తీగలు వేసే మెకే-బెనెట్ అనే ఓడను మంచు, శవపేటికలు నింపి ఇక్కడి నుంచే పంపారు. ఇక్కడి మూడు శ్మశానాల్లో 150 మందిని ఖననం చేయగా, వారిలో 121 మంది ఫెయిర్‌వ్యూ లాన్‌లో ఉన్నారు.

ఆ సమాధుల వరుసలు ఓడ ముందుభాగం ఆకారంలో వంపు తిరిగి కనిపిస్తాయి. కావాలనే అలా తీర్చారని వృత్తిలో చేరిన కొత్తలో నేనూ చెప్పేవాణ్ణి. నిజానికి సర్వేయరు ఆ నేల వాలును అనుసరించి గీతలు గీశాడు, ఓడ పోలిక యాదృచ్ఛికం. అక్కడే 227వ నంబరు రాయి మీద "జె. డాసన్" అనే పేరు చూసి సినిమా కథానాయకుడిదనుకొని పూలు పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ రాయి కింద ఉన్నది జోసెఫ్ డాసన్, బాయిలర్లకు బొగ్గు అందించే విభాగంలో పనిచేసిన కార్మికుడు. పూలు పెట్టవద్దని నేనెవరికీ చెప్పను, ఆ పనివాడి పేరు మాత్రం చెబుతాను.

అపోహ: 1917 నాటి పేలుడు శత్రువుల దాడి.

ఆనాడు ఊరిలోనూ చాలామంది అలాగే అనుకున్నారు. జరిగినది అర్థం కావాలంటే రేవు ఆకారం తెలియాలి. సముద్రం నుంచి లోపలికి వచ్చే నీటిపాయ ఒకచోట బాగా ఇరుకై, ఆ తర్వాత బెడ్‌ఫర్డ్ బేసిన్ అనే విశాలమైన జలాశయంగా విప్పారుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో యూరప్ వెళ్లే ఓడలు ఆ బేసిన్‌లోనే గుంపుగా చేరేవి. డిసెంబరు 6 ఉదయం, లోపలి నుంచి బయటకు వస్తున్న నార్వే ఓడ ఇమో, పేలుడు పదార్థాలతో లోపలికి వెళుతున్న ఫ్రెంచి ఓడ మాంట్ బ్లాంక్ ఆ ఇరుకులో ఢీకొన్నాయి. డెక్కు మీది పీపాల్లోని బెంజాల్ అనే మండే ద్రవం ఒలికి అంటుకుంది. దాదాపు 20 నిమిషాల పాటు ఓడ మండుతూ గట్టుకు చేరగా, ఆ మంటను చూడడానికి జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. 9 గంటల 4 నిమిషాలకు ఓడ పేలింది. దాదాపు 1,800 మంది మరణించారు, 9,000 మంది గాయపడ్డారు. కిటికీ అద్దాలు పగిలి ముఖాల మీదికి ఎగిరినందువల్లనే వేలమందికి కళ్లకు గాయాలయ్యాయి. మాంట్ బ్లాంక్ లంగరు కాడ, అర టన్ను ఇనుప ముక్క, ఊరి మీదుగా ఎగిరి నాలుగు కిలోమీటర్లకు దగ్గర దూరంలో పడింది. ఇప్పుడు దానిని ఒక దిమ్మె మీద నిలిపి ఉంచారు. ఆనాడు బోస్టన్ నగరం పంపిన సాయానికి కృతజ్ఞతగా నోవా స్కోషియా నేటికీ ఏటా అక్కడికి ఒక క్రిస్మస్ చెట్టును పంపుతోంది.

అపోహ: చలికాలంలో ఇక్కడి సముద్రం గడ్డకట్టి ఓడలు ఆగిపోతాయి.

రేవు ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. 1960ల వరకు సెయింట్ లారెన్స్ నది గడ్డకట్టి మాంట్రియల్ రేవు చలికాలంలో మూతపడేది, ఆ రోజుల్లో దేశానికి ముఖ్యమైన శీతాకాలపు ద్వారాల్లో ఇది ఒకటి. అక్షాంశం చూస్తే హాలిఫాక్స్ పారిస్ కంటే దక్షిణాన ఉంది, అయినా పడమటి నుంచి ఖండం మీదుగా వీచే గాలుల వల్ల చలి ఎక్కువ. విశాఖవాసులకు ఈ రేవు త్వరగా అర్థమవుతుంది: అక్కడ తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్నట్లే, కెనడా అట్లాంటిక్ నౌకాదళానికి ఇది స్థావరం.

అపోహ: కొండ మీది కోట ఎన్నో యుద్ధాలు చూసింది.

ఒక్కటీ చూడలేదు. ఆ కొండ మీద కట్టిన నాలుగో కోట అయిన ప్రస్తుత సిటడెల్ 1856లో పూర్తయింది, దాని మీద ఎవరూ దాడి చేయలేదు. రోజూ మధ్యాహ్నం పేలే ఫిరంగికి కొత్తవారు ఉలిక్కిపడడమే ఇప్పటి అలజడి. అసలు పోరాటం కొండ దిగువన, 1819లో ప్రారంభమైన శాసనసభ భవనం ప్రావిన్స్ హౌస్‌లో జరిగింది. అధికారుల అవినీతిని రాసినందుకు 1835లో పరువునష్టం కేసు ఎదుర్కొన్న పత్రికా సంపాదకుడు జోసెఫ్ హౌ అక్కడే తన వాదన తానే వినిపించి గెలిచాడు. 1848లో, బ్రిటిష్ వలసల్లో మొదటిసారిగా, శాసనసభకు బాధ్యత వహించే ప్రభుత్వం ఏర్పడింది కూడా ఇక్కడే.

అపోహ: ఊరి చరిత్ర 1749లో మొదలైంది.

అది ఎడ్వర్డ్ కార్న్‌వాలిస్ బ్రిటిష్ వలసదారులతో దిగిన ఏడు. మిక్‌మాక్ అనే ఇక్కడి ఆదివాసులు అంతకు ఎంతో ముందే ఈ చోటును తమ భాషలో "పెద్ద రేవు" అని పిలుచుకున్నారు. వారి తలలకు వెల కట్టిన కార్న్‌వాలిస్ విగ్రహాన్ని నగరపాలక సంస్థ 2018లో తొలగించింది. బేసిన్ ఒడ్డున నల్లజాతివారు కట్టుకున్న బస్తీ ఆఫ్రిక్‌విల్‌ను 1960లలో కూల్చివేసినందుకు నగరం 2010లో క్షమాపణ చెప్పింది.

అపోహ: ఇది చిన్న ఊరు, గది ఎక్కడ దొరికినా ఒకటే.

1996లో హాలిఫాక్స్, డార్ట్‌మత్, బెడ్‌ఫర్డ్ పట్టణాలను, చుట్టుపక్కల గ్రామాలను ఒకే పాలనలోకి తెచ్చారు. దాని విస్తీర్ణం దాదాపు 5,500 చదరపు కిలోమీటర్లు, అంటే 2022 పునర్విభజన తర్వాతి విశాఖ జిల్లాకు ఐదింతలు. అడవి అంచున ఉన్న ఇంటి చిరునామాలోనూ హాలిఫాక్స్ అనే పేరు ఉండవచ్చు కనుక, అద్దెకు ముందు బస్సు మార్గం అడగండి. డార్ట్‌మత్‌లో దిగినవారికి మాత్రం బెంగ అక్కరలేదు, రేవు అవతలి ఒడ్డున ఉన్న ఆ పట్టణానికి 1752 నుంచి నడుస్తున్న ఫెర్రీ ఉంది. దాని డెక్కు మీద ఉత్తరం వైపు తిరిగి నిలబడితే, వంతెన అవతల మాంట్ బ్లాంక్ పేలిన ఇరుకు కనిపిస్తుంది. నేను ఊరు చూపించడం అక్కడి నుంచే మొదలుపెడతాను.