ప్రసూతి సెలవు: ఆ జీతం ఎవరి ఖాతాలోంచి?

పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాక, మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో తల్లి కాబోతున్న ఉద్యోగినులు పే స్లిప్‌ను వరుస వరుసా చదువుకోవలసిన పరిస్థితి వచ్చింది. రద్దయిన 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ఇంటి అద్దె భత్యాన్ని కూడా వేతనంలో కలిపే లెక్కించేది. ఆ కోడ్‌లలో ఒకటైన సామాజిక భద్రత కోడ్ దాన్ని వేతనం నుంచి మినహాయిస్తుంది. మినహాయింపులన్నీ కలిసి మొత్తం ప్రతిఫలంలో సగం దాటినప్పుడే, దాటిన మేరకు తిరిగి వేతనంలో చేరుస్తుంది. నెలకు 60,000 రూపాయలు వస్తున్నా మూలవేతనం 30,000 మాత్రమే ఉన్న ఉద్యోగినికి 26 వారాల సెలవులో చట్టప్రకారం దక్కేది సగమేనా అన్నది ఇప్పటి ప్రశ్న. యాజమాన్యాల వైపు నుంచి చూస్తే, అంతకు మించి ఇవ్వడాన్ని కోడ్ ఆపదు. అది సంస్థ ఇష్టం. ఆ ఇష్టం మీదే ఆధారపడవలసి రావడం ఉద్యోగినుల అభ్యంతరం.

ఈ కథను 1929 నాటి బొంబాయి చట్టంతో మొదలుపెట్టడం ఆనవాయితీ గాని, నేటి తగవుకు మూలం 2017లో ఉంది. అప్పటి కేంద్ర కార్మిక మంత్రి, సికింద్రాబాద్ ఎంపీ బండారు దత్తాత్రేయ ప్రవేశపెట్టిన సవరణ బిల్లు 2016 ఆగస్టులో రాజ్యసభను, 2017 మార్చిలో లోక్‌సభను దాటింది; ఏప్రిల్ 1 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. సెలవు రెట్టింపుకు మించి పెరిగినా, ఆ జీతాన్ని భరించే చేయి మాత్రం మారలేదు. మొత్తం యజమానే చెల్లించాలి.

వేరే దారి లేక అలా జరగలేదు. జీడిమెట్లలో నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి పనిచేసే కార్మికురాలికి అదే 26 వారాల డబ్బు ఈఎస్ఐ అనే కార్మిక బీమా నిధి నుంచి వస్తుంది. ఆ నిధికి యజమాని 3.25 శాతం, కార్మికులు 0.75 శాతం జమచేస్తారు; పనిచేసేది మగవాడైనా ఆడమనిషైనా చందా ఒకటే కాబట్టి, ఆమెను చేర్చుకున్నందుకు యజమానికి ప్రసూతి పేరిట అదనంగా పడేది ఏమీ ఉండదు. జీతం 21,000 దాటితే ఆ రక్షణ తొలగి, ఇంటర్వ్యూకు వచ్చిన పెళ్లయిన అమ్మాయి సంస్థ పుస్తకాల్లో రాబోయే ఖర్చుగా కనబడుతుంది. ప్రసూతి ఖర్చును యజమాని ఒక్కడి మీదే వేయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం చెప్పింది. భారత్ దాన్ని ఆమోదించలేదు.

యాజమాన్యాల లెక్క ఆరు నెలలతో ముగుస్తుంది. ఉద్యోగిని లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. సెలవులో ఉండగా ఆమెను తొలగించడాన్ని చట్టం నిషేధించింది గాని, ఏడాదిలో సగం పనిలో లేదన్న కారణంతో అప్రైజల్‌లో రేటింగ్ తగ్గడాన్ని, తిరిగొచ్చేసరికి పాత ప్రాజెక్టు మరొకరి చేతికి వెళ్లి తాను ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్ మీద కూర్చోవడాన్ని ఆపలేకపోయింది. 50,000 జీతంతో సమానంగా ఉన్న ఇద్దరికి ఏటా 10 శాతం పెంపు ఉంటుందనుకొని, ఒకరికి ఒక్క ఏడాది పెంపు తప్పిందనుకుందాం. పదో ఏట వారి మధ్య తేడా నెలకు 11,790 రూపాయలు. పదేళ్లలో ఆమె కోల్పోయింది 9.5 లక్షలకు పైమాటే. మూలవేతనాన్ని బట్టి జమయ్యే పీఎఫ్, గ్రాట్యుటీ ఇందులో కలపలేదు. ఉద్యోగం మారదామన్నా కొత్త సంస్థ మొదట అడిగేది ప్రస్తుత జీతమే గనుక తేడా వెంటే వస్తుంది. ఉద్యోగం మానేసిన వారి నష్టం ఈ లెక్కకు అందదు.

2017 పొరపాటును ప్రభుత్వం గుర్తించకపోలేదు. ఏడు వారాల వేతనాన్ని యజమానులకు తిరిగి చెల్లించే పథకం సిద్ధమవుతోందని 2018 నవంబరులో కార్మిక శాఖ చెప్పింది. బడ్జెట్ అనుమతులు ఇంకా రావలసి ఉందన్నదీ ఆ శాఖే. అందులోనూ పరిమితి 15,000 రూపాయల జీతం, అంటే మాదాపూర్ దాకా అది ఎలాగూ వచ్చేది కాదు. సామాజిక భద్రత కోడ్‌గా చట్టాన్నే తిరగరాసిన 2020లో ఖర్చును ఉమ్మడి నిధికి మళ్లించే వీలుండింది. కోడ్ 26 వారాలను, యజమాని చెల్లింపును ఉన్నవి ఉన్నట్టే ఉంచి, వేతనం అన్న మాటకు అర్థాన్ని మార్చింది.