ఈవెంట్ ప్రొడ్యూసర్ వృత్తి: అపోహలు - వాస్తవాలు

“గాయకుడి డేట్లు దొరికాయండీ, అడ్వాన్సు ఇచ్చేశాం, మిగతాది టికెట్ల డబ్బుతో సర్దుకుంటాం” అంటూ కచేరీ పెట్టాలనుకునే కొత్తవాళ్లు నా దగ్గరికి రావడం మామూలైపోయింది. ఈ రంగంలో ఇల్లు గుల్ల చేసే అపోహ ఇదే.

ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మిపెట్టే సంస్థలు సాధారణంగా కమిషన్ మినహాయించుకుని, కార్యక్రమం ముగిశాకే లెక్క తేలుస్తాయి. అది రద్దయితే ప్రేక్షకులకు తిరిగి ఇవ్వవలసింది ఆ సొమ్మే కదా. స్పాన్సర్ల డబ్బు బిల్లు పెట్టిన ఎన్నో వారాలకు, టీడీఎస్ (చెల్లించేవాళ్లు ముందే మినహాయించుకునే పన్ను) పోను వస్తుంది. గాయకుడి పారితోషికంలో మిగిలిన భాగం మాత్రం ఆయన వేదిక ఎక్కకముందే చెల్లించాలి. సౌండ్, లైట్లు, జనరేటర్ల వాళ్లు సగమైనా చేతిలో పడనిదే లారీ కదలనివ్వరు. నేను చూసినంతలో టికెట్లు జోరుగా కదిలేది చివరి వారంలోనే. ఆ వారం ముసురు పట్టిందా, ఇక చెప్పనక్కరలేదు.

మైదానం నిండితే లాభమే అన్న భ్రమ కూడా ఇందులోంచి పుట్టిందే. ఒక జిల్లా కేంద్రంలో ఒక కుర్రవాడు పెట్టిన కచేరీకి నిలబడడానికి చోటు లేనంత జనం వచ్చారు. తరువాత లెక్క చూస్తే అందులో సగానికి పైగా స్పాన్సర్లకు, అధికారులకు, బంధువులకు పంచిన పాసులే. పొలం తాకట్టు పెట్టి డబ్బు తెచ్చిన తండ్రి “అంతమంది వచ్చారు గదా బాబూ, డబ్బేదీ?” అని అడిగినప్పుడు, ఆయనకు ఆ పాసుల సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. సినిమా నిర్మాతలాగా మనమే పెట్టుబడి పెట్టాలని ఎవరు చెప్పారో గానీ, ఈ వృత్తిలో ఎక్కువమంది కంపెనీలకో, కళాశాలలకో, ప్రభుత్వ ఉత్సవాలకో ఫీజు మీద పనిచేసి బతుకుతున్నవాళ్లే. ఒక్క టికెట్ అమ్ముడవకపోయినా ఖర్చులన్నీ తీర్చగల స్తోమత ఉంటేనే సొంత కచేరీ జోలికి వెళ్లాలి.

అనుమతుల విషయంలోనూ అపోహలున్నాయి. సినిమాలో పాడిన గాయకుడే వేదిక మీద పాడినా, సాహిత్యానికీ బాణీకీ ఐపీఆర్‌ఎస్ వంటి, పాటల రచయితల, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ లైసెన్సు అవసరమవుతుంది. రికార్డు చేసిన పాట వినిపిస్తే ఆ రికార్డింగు హక్కుదారుల అనుమతి వేరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 గంటలకు ఆగాలి. ఉత్సవాలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే తప్ప, మీకు తెలిసిన ఎస్సైది కాదు, అదీ ఏడాదికి 15 రోజులకు మించదు. ఇక ఖరీదైన కోర్సు చేయనిదే పని దొరకదన్నది వట్టి పుకారు; ఏ కళాశాల ఉత్సవంలోనో స్టేజి మేనేజరు పక్కన రన్నింగ్ ఆర్డర్ (ఏ అంశం తరువాత ఏది అన్న జాబితా) పట్టుకుని నిలబడితే పని మొదలైనట్టే.